తొలి నక్షత్రాలకు పుట్టిన తేదీ రాయడం

2003 ఫిబ్రవరిలో నాసా ఒక ప్రకటన చేసింది. విశ్వం పుట్టిన 20 కోట్ల ఏళ్లకే తొలి నక్షత్రాలు వెలిగాయని దాని సారాంశం. డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం ఏడాది పాటు ఆకాశాన్ని కొలిచి పంపిన ఫలితం అది. మూడేళ్లు తిరిగాక, 2006 మార్చిలో, అదే ఉపగ్రహం, అదే బృందం మరిన్ని కొలతలతో వచ్చి 40 కోట్ల ఏళ్లు పట్టిందన్నాయి. 2015లో ఐరోపా వారి ప్లాంక్ ఉపగ్రహం ఆ గడువును 55 కోట్లకు జరిపింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటనలో అది 70 కోట్లయింది. ప్రతిసారీ ‘తొలి నక్షత్రాలు’ అన్న మాటే వినిపించింది. పదమూడేళ్లు గడిచేసరికి వాటి వయసు యాభై కోట్ల ఏళ్లు తగ్గిపోయింది.

ఈలోగా ఆకాశం మారలేదు, భౌతికశాస్త్ర సూత్రాలూ మారలేదు. నాలుగుసార్లూ కొలిచింది ఒక్కదాన్నే: విశ్వమంతా నిండి ఉన్న పాత మైక్రోవేవ్ కాంతిలోని అతి స్వల్పమైన ధ్రువణాన్ని. మారిందల్లా ఆ ధ్రువణం మీద పేరుకున్న మకిలిని తుడిచే నేర్పు. 2003 నుంచి నేటిదాకా వచ్చిన ఫలితాలను ఒక్కచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ఈ ధ్రువణంలో నక్షత్రాల జాడ ఉందన్నది గట్టి సాక్ష్యమే. కానీ ‘మొట్టమొదటి నక్షత్రం ఎప్పుడు పుట్టింది’ అన్న ప్రశ్నకు దాన్ని జవాబుగా చదివినప్పుడల్లా, ఆ సాక్షి చెప్పని మాటను మనమే చెప్పించాం.

సాక్షి ఎవరో ముందు చూద్దాం. విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు, అప్పటిదాకా విడివిడిగా తిరుగుతున్న ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు జతకట్టి హైడ్రోజన్ పరమాణువులయ్యాయి. విడి ఎలక్ట్రాన్లు మాయం కావడంతో కాంతికి దారి దొరికింది. అప్పుడు బయల్దేరిన కాంతి, విశ్వం దాదాపు 1,100 రెట్లు సాగడంతో చల్లబడి, ఈనాడు 2.725 కెల్విన్ల మైక్రోవేవ్‌గా అన్ని దిక్కుల నుంచీ మనల్ని చేరుతోంది. 1964–65లో అమెరికాలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ దాన్ని పట్టుకున్నారు. ఆ కాంతి బయల్దేరాక విశ్వంలో చాలాకాలం చీకటే. నక్షత్రాలు లేవు, గెలాక్సీలు లేవు. ఉన్నదల్లా కృష్ణపదార్థం, హైడ్రోజన్, హీలియం.

ఆ చీకట్లో మొదట వెలిగినవి మన సూర్యుడి లాంటివి కావు. సూర్యుడికి లక్ష నుంచి పది లక్షల రెట్ల ద్రవ్యరాశి ఉన్న చిన్న చిన్న కృష్ణపదార్థ గుంపుల్లోకి వాయువు దిగి కుదించుకుందని లెక్కలు చెబుతున్నాయి. వాయువు కుదించుకోవాలంటే వేడిని వదిలించుకోవాలి. ఆ పనిని నేడు కార్బన్, ఆక్సిజన్, ధూళి చేస్తున్నాయి. అప్పటికి అవి పుట్టనే లేదు, కాబట్టి ఆ భారమంతా హైడ్రోజన్ అణువుల మీదే పడింది. అవి ఆ పని అంత బాగా చేయలేవు. అందుకే వాయువు చిన్న ముక్కలుగా విడిపోకుండా పెద్ద ముద్దలుగానే కూలి, సూర్యుడికి పదుల రెట్లు, కొన్నిచోట్ల వందల రెట్లు బరువైన నక్షత్రాలు పుట్టాయి. పాపులేషన్ త్రీ అనేది వీటికి పెట్టిన పేరు. అంత బరువైనవి ముప్పై లక్షల ఏళ్ల అటూ ఇటూగా అయిపోతాయి. వాటి నుంచి వెలువడే అతినీలలోహిత కాంతిలో 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఫోటాన్ ప్రతిదానికీ హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి ఉంటుంది. ఆ తరువాతి తరాల నక్షత్రాలూ, గెలాక్సీలూ అదే పని కొనసాగించాయి. విశ్వమంతటా పరచుకున్న వాయువు ఇలా మళ్లీ అయనీకరణం చెందడాన్నే పునరయనీకరణం అంటారు.

ఊడిన ఎలక్ట్రాన్లు దారినపోతున్న పాత మైక్రోవేవ్ కాంతికి మళ్లీ అడ్డుపడ్డాయి. అయితే అప్పటికి విశ్వం బాగా సాగిపోయి ఎలక్ట్రాన్లు పలచబడ్డాయి, గనక చాలా కాంతి తగలకుండానే దాటిపోయింది. ఆ అడ్డు ఎంతో చెప్పే అంకెను ఆప్టికల్ డెప్త్ అంటారు, గ్రీకు అక్షరం టౌతో రాస్తారు. టౌ 0.054 అంటే, ఇవాళ మన దాకా వచ్చే ఫోటాన్లలో నూటికి అయిదు దారిలో ఎలక్ట్రాన్‌కు తగిలి దిశ మార్చుకుని వచ్చాయని. ఈ వ్యాసం మొత్తం ఆ అయిదు గురించే.

దిశ మారిన కాంతికి ధ్రువణం అంటుతుంది. పొద్దు పడమటికి వాలాక పోలరాయిడ్ కళ్లద్దాలను చేత్తో పట్టుకుని, నడినెత్తి మీది నీలాన్ని వాటిలోంచి చూస్తూ అద్దాన్ని మెల్లగా తిప్పండి. పావు చుట్టు తిరిగేసరికి ఆకాశం ముదురు రంగుకు దిగుతుంది, మరో పావు చుట్టుకు మళ్లీ తేటబడుతుంది. సూర్యుడి నుంచి అడ్డంగా వచ్చిన కాంతిని గాలి అణువులు లంబకోణంలో కిందికి పంపడం వల్ల కలిగిన ధ్రువణం అది. ఆదిమ విశ్వంలోని ఎలక్ట్రాన్ చేసేదీ ఇదే, కాకపోతే ఒక షరతు ఉంది. అన్ని దిక్కుల నుంచీ సమానంగా కాంతి పడితే ధ్రువణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు దిక్కులు కాస్త వేడిగా, వాటికి అడ్డంగా ఉన్న రెండు దిక్కులు కాస్త చల్లగా ఉంటేనే ఏమైనా మిగులుతుంది. మైక్రోవేవ్ కాంతిలో ఉష్ణోగ్రత తేడాలు లక్ష భాగాల్లో ఒకటో రెండో మాత్రమే. అందులోంచి వచ్చే ధ్రువణం అంతకంటే పదులు, వందల రెట్లు తక్కువ.

ఈ కాంతికి ధ్రువణం ఉండి తీరాలని మార్టిన్ రీస్ 1968లోనే రాశారు. మన కథకు అసలు కీలకం మాత్రం 1997లో మతియాస్ సల్దరియాగా వేసిన లెక్క. 3 లక్షల 80 వేల ఏళ్లప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్‌కు ‘కనిపించే’ లోకం చాలా చిన్నది. మన ఆకాశంలో అది ఒకటి రెండు డిగ్రీల మేర. కాబట్టి అప్పుడు అంటిన ధ్రువణం చిన్న కోణాల్లోనే బలంగా ఉంటుంది, విశాలమైన కోణాల్లో దాదాపు సున్నాకు దిగుతుంది. నక్షత్రాలు ఊడగొట్టిన ఎలక్ట్రాన్ల కాలానికి ఆ లోకం ఎంతో పెరిగింది. పదుల కోట్ల ఏళ్ల కాంతిదూరాన్ని చుట్టూ చూడగలిగిన ఆ ఎలక్ట్రాన్ అంటించే ధ్రువణం మన ఆకాశంలో పదుల డిగ్రీల వెడల్పున పరచుకుంటుంది. అంటే ఆకాశంలో పావు వంతు, సగం వంతు పట్టే అలల్లో కాస్తయినా ధ్రువణం కనిపించిందంటే, అది పాత ప్లాస్మాది కాదు, నక్షత్రాల పుణ్యమే. గ్రాఫులో అది ఎడమ చివరన చిన్న గుట్టలా లేస్తుంది. పరిశోధకుల వాడుకలో అది ‘పునరయనీకరణ గుట్ట’. దాని ఎత్తు టౌ వర్గంతో పెరుగుతుంది. మిగతా కాస్మాలజీలో ఒక అంకె ఇంత నేరుగా ఒక గుట్ట ఎత్తు నుంచి వచ్చే సందర్భాలు అరుదు.

చిక్కంతా ఆ గుట్ట ఎంత చిన్నదో అందులో ఉంది. కెల్విన్‌ను కోటి భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలు, అంతే. 2002లో దక్షిణ ధ్రువం దగ్గరి డాసీ దుర్భిణి మైక్రోవేవ్ కాంతి ధ్రువణాన్ని మొదటిసారి పట్టుకున్నప్పుడు చూసింది చిన్న కోణాల్లోని, ఎన్నో రెట్లు బలమైన పాత ధ్రువణాన్నే. పెద్ద కోణాలు చూడాలంటే ఆకాశమంతా చూడాలి. ఆ పని డబ్ల్యూమ్యాప్‌కు దక్కింది.

2003లో ఆ బృందం ధ్రువణాన్ని నేరుగా బయటపెట్టలేదు. ఉష్ణోగ్రత పటాన్ని, ధ్రువణ సంకేతాన్ని పక్కపక్కన పెట్టి, రెండింటికీ పొంతన ఎంతో చూసింది. పెద్ద కోణాల్లో అనుకున్నదానికంటే ఎక్కువ పొంతన కనిపించింది. టౌ 0.17 అని, 0.04 అటూ ఇటూ ఉండొచ్చని తేల్చారు. ఆనాటి సిద్ధాంతకారులకు ఇది పెద్ద చిక్కే తెచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, స్లోన్ సర్వేలో దొరికిన సుదూర క్వాజార్ల వర్ణపటాల్లో, రెడ్‌షిఫ్ట్ (కాంతి బయల్దేరాక విశ్వం ఎంత సాగిందో చెప్పే కొలత, పెరిగేకొద్దీ పాతకాలం) 6 దాటాక హైడ్రోజన్ కాంతిని పూర్తిగా మింగేస్తున్న ఆనవాళ్లు బయటపడ్డాయి. అంటే దాదాపు 90 కోట్ల ఏళ్లప్పటికి గానీ పని పూర్తికాలేదు. 0.17 ఏమో 20 కోట్ల ఏళ్లకే పని మొదలై జోరుగా సాగిందంటుంది. రెండింటినీ కలపడానికి, విశ్వం రెండుసార్లు పునరయనీకరణం చెందిందన్న రెన్యూ సెన్ ప్రతిపాదన పనికొచ్చింది. పాపులేషన్ త్రీ నక్షత్రాలు ముందొకసారి వాయువును అయనీకరించాయి, అవి అయిపోయాక వాయువు తిరిగి తటస్థమైంది, తరువాతి గెలాక్సీలు రెండోసారి ఆ పని ముగించాయి. అందమైన ఊహ. ఆ రెండు మూడేళ్లలో ఇలాంటి నమూనాలు చాలా వచ్చాయి. ఇవాళ వాటిని తిరగేస్తే, సిద్ధాంతం ఎంత సాగే గుణం కలదో అర్థమవుతుంది. ఏ అంకె ఇచ్చినా దానికి సరిపడే నక్షత్రాలను పుట్టించగలరు.

2006లో టౌ 0.09కి పడిపోయింది. కారణం మన పాలపుంత. గెలాక్సీ అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరిగే ఎలక్ట్రాన్లు వెదజల్లే సింక్రోట్రాన్ వికిరణానికీ, ఆ క్షేత్రానికి అనుగుణంగా వరుసకట్టిన ధూళి రేణువులు వెదజల్లే వేడికీ బలమైన ధ్రువణం ఉంటుంది. అవీ పెద్ద కోణాల్లోనే ఎక్కువ. మూడేళ్ల దత్తాంశంతో ఆ బృందం పూర్తి ధ్రువణ పటాలు తయారుచేసి, 23 గిగాహెర్ట్జ్ దగ్గరి సొంత పటంతో సింక్రోట్రాన్‌ను తీసేసింది. ధూళికి మాత్రం సొంత పటం లేదు. దగ్గరి నక్షత్రాల కాంతికి ధూళి అంటించిన ధ్రువణాన్ని ఆధారంగా చేసుకుని ఊహించి గీసిన నమూనాతో సరిపెట్టుకుంది. తొమ్మిదేళ్ల కొలతలతో 2012లో ఇచ్చిన తుది అంకె 0.089. పొరపాటు అవకాశం 0.014. అందరూ స్థిరపడిందనుకున్నారు.

ఇక్కడే నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన మలుపు. ప్లాంక్ ఉపగ్రహం 353 గిగాహెర్ట్జ్ దగ్గర ధూళి ధ్రువణాన్ని ఆకాశమంతటా నేరుగా కొలిచింది. 2015లో ఆ బృందం చేసిన పనుల్లో ఒకటి, డబ్ల్యూమ్యాప్ పాత పటాలనే తీసుకుని, ఊహించి గీసిన ధూళి స్థానంలో కొలిచిన ధూళిని పెట్టి మళ్లీ లెక్కించడం. పాత పటాల నుంచే టౌ 0.07 చుట్టుపక్కలకు దిగింది. కొత్త ఉపగ్రహం కళ్లు కూడా అవసరం కాలేదు, మంచి ధూళి పటం చాలింది. అంతకు ముందు ఏడాదే బైసెప్2 బృందం ఆదిమ గురుత్వ తరంగాల జాడ అని ప్రకటించిన సంకేతంలో ధూళే పెద్ద భాగమని తేలింది. రెండు సందర్భాల్లోనూ మనం విశ్వారంభాన్ని చూస్తున్నామనుకుని చూసింది ఇంటి ముంగిట దుమ్మునే.

ప్లాంక్ సొంత అంకె 0.066 దగ్గర మొదలై, 2016లో 0.055కు, 2018లో 0.054కు వచ్చింది. ఈ చివరిదానికి పొరపాటు అవకాశం 0.007. ఆ మధ్యకాలంలో జరిగిన పని బయటివాళ్లకు పెద్దగా కనిపించలేదు. పరమ శూన్యానికి పదోవంతు కెల్విన్ ఎగువన పనిచేసే బోలోమీటర్లు కొలిచిన సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్పులో, ఒక్కో మెట్టు ఎత్తు సమానంగా లేదని తేలింది. మామూలు కొలతలకు అది లెక్కలోకి రాని దోషం. కోటి భాగాల్లో ఒకటి కోసం వెతుకుతున్నవాళ్లకు అదే కొంప ముంచుతుంది. ఎందుకంటే భూమీ సూర్యుడూ కదలడం వల్ల ఆకాశంలో ఒకవైపు వేడిగా, ఎదురువైపు చల్లగా కనిపించే తేడా 3.36 మిల్లీకెల్విన్లు. పునరయనీకరణ గుట్ట కంటే అది సుమారు 20 వేల రెట్లు పెద్దది. వేర్వేరు కోణాల్లో పెట్టిన డిటెక్టర్ల మధ్య తేడాయే ధ్రువణం, గనక వాటి అంచనాల్లో 20 వేలలో ఒక వంతు తేడా వచ్చినా ఈ పెద్ద తేడా ధ్రువణం వేషం వేసుకుని పెద్ద కోణాల్లో కూర్చుంటుంది. 2012 జనవరిలో శీతలీకరణకు వాడే హీలియం అయిపోయాక, పరికరం 4 కెల్విన్ల దగ్గర ఉండి ఆకాశానికి దాదాపు గుడ్డిదయ్యాక కూడా, ఏడాదికి పైగా సంకేతాలను రికార్డు చేస్తూనే ఉన్నారు. ఆకాశం లేని ఆ రొదలోంచే చిప్పు మెట్ల ఎత్తులను ఒక్కొక్కటిగా తేల్చారు. 0.066 నుంచి 0.055కు దిగడంలో ఇలాంటి శ్రమ చాలా ఉంది.

ఆ తరువాత కూడా ఇదే దత్తాంశాన్ని మూడు నాలుగు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో శుభ్రం చేశాయి. వచ్చినవి 0.058, 0.059 వంటి అంకెలు. కాబట్టి ఇవాళ 0.05కీ 0.06కీ మధ్య అనుకుంటే ఇబ్బంది లేదు. సగం హైడ్రోజన్ అయనీకరణం చెందిన సమయానికి రెడ్‌షిఫ్ట్ 7.7 చుట్టుపక్కల, అంటే విశ్వం వయసు 70 కోట్ల ఏళ్లకు కాస్త తక్కువ.

‘సగం’ అన్న ఆ మాటను ప్రకటనల్లోని శీర్షికలు మింగేశాయి. టౌ ఒక మొత్తం. మన దాకా వచ్చే దారిలో కాంతికి తగిలిన ఎలక్ట్రాన్లన్నిటి కూడిక. ఏ ఎలక్ట్రాన్ ఎప్పుడు ఊడిందో ఆ మొత్తంలో రాసి ఉండదు. దాన్ని తేదీగా మార్చడానికి, పునరయనీకరణం ఫలానా వేగంతో జరిగిందనే ఊహ ఒకటి పెట్టుకోవాలి. 20 కోట్లు, 40 కోట్లు, 55 కోట్లు, 70 కోట్లు అన్నవన్నీ ఆ ఊహ మీద నిలబడ్డ తేదీలే. వాటిలో ఏదీ మొదటి నక్షత్రానిది కాదు. 70 కోట్ల ఏళ్లకు సగం పని అయిందంటే, దాన్ని మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో వెలిగి ఆరిపోయి ఉండాలి.

ఇంకాస్త కటువుగా లెక్క వేద్దాం. క్వాజార్ల సాక్ష్యం ప్రకారం రెడ్‌షిఫ్ట్ 6 నుంచి ఇప్పటిదాకా వాయువు దాదాపు పూర్తిగా అయనీకరణం చెందే ఉంది. ఈ తెలిసిన కాలంలోని ఎలక్ట్రాన్లే టౌలో 0.04 దాకా ఇస్తాయి. దీనికి గుట్ట కొలవాల్సిన పనే లేదు, విశ్వంలో ఎంత పదార్థం ఉందో తెలిస్తే చాలు. 0.054లోంచి 0.04 తీసేస్తే మిగిలేది 0.015 లోపు. అందులోనూ ఎక్కువ భాగం రెడ్‌షిఫ్ట్ 6 నుంచి 9 మధ్యలోని మామూలు గెలాక్సీలదే అయి ఉండాలి. అసలైన తొలి నక్షత్రాల వాటా ఆ మిగులులో మిగులు. 0.17 ఉన్న రోజుల్లో ఆ మిగులు బ్రహ్మాండంగా కనిపించింది, అందుకే పాపులేషన్ త్రీ గురించి అంత ధీమాగా మాట్లాడగలిగారు. ఇప్పుడు ధ్రువణం చెబుతున్నది ప్రధానంగా ఒక పై హద్దు. రెడ్‌షిఫ్ట్ 15కు పైన, అంటే 27 కోట్ల ఏళ్లకు ముందు, నక్షత్రాలు పెద్ద ఎత్తున అయనీకరించి ఉండవు. ప్లాంక్ బృందం ఆ కాలపు వాటాను 0.01 లోపుకే పరిమితం చేసింది. ముందస్తు ఊహలు మార్చి లెక్కించినవాళ్లు ఆ హద్దును కొంత సడలించారు. సడలించినా 2003 నాటి కథకు చోటు లేదు.

అలాగని ఈ సాక్ష్యం విలువ తగ్గిందని కాదు. సున్నా కాదన్నదే పెద్ద విషయం. ఒక్క నక్షత్రాన్నీ, ఒక్క గెలాక్సీనీ విడిగా చూడకుండా, కనిపించేవీ కనిపించనివీ అన్నీ కలిసి ఎంత కాంతిని బయటికి పంపాయో చెప్పే లెక్క ఇదొక్కటే. దుర్భిణులు ప్రకాశవంతమైన గెలాక్సీలనే చూస్తాయి, ధ్రువణానికి ఆ పక్షపాతం లేదు.

ఆ గుణం వల్లే జేమ్స్ వెబ్ దుర్భిణి వచ్చాక టౌకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. రెడ్‌షిఫ్ట్ 14 దాటిన గెలాక్సీలు దొరికాయి. మామ్-జడ్14 అనే గెలాక్సీ కాంతి విశ్వానికి 28 కోట్ల ఏళ్లున్నప్పటిది. 2003 ప్రకటనలోని 20 కోట్లు వినడానికి మళ్లీ అసాధ్యంగా లేదు, కారణం వేరైనా. ఇబ్బంది ఎక్కడంటే, వెబ్‌కు కనిపించిన గెలాక్సీల సంఖ్యనూ, అవి వెదజల్లే అయనీకరణ ఫోటాన్లనూ కలిపి లెక్కిస్తే ఫోటాన్లు మరీ ఎక్కువై, పునరయనీకరణం ప్లాంక్ ఒప్పుకునేదానికంటే ముందే ముగిసిపోవాలి. 2024లో హూలియన్ మున్యోస్, ఆయన సహచరులు దీన్నే ‘ఫోటాన్ల బడ్జెట్ సంక్షోభమా?’ అని అడిగారు. గెలాక్సీల్లోంచి అసలు ఎంత కాంతి తప్పించుకుని బయటపడుతుందో ఎవరూ నేరుగా కొలవలేరు కాబట్టి, ఆ ఒక్క అంకెను తగ్గిస్తే సంక్షోభం సద్దుమణుగుతుంది. పదేళ్ల కిందట ఇదే అంకెను పెంచి, గెలాక్సీలు చాలడం లేదన్న బాధను తీర్చుకున్నారు. సంక్షోభం అన్న మాటను నేను అంత సీరియస్‌గా తీసుకోను.

సీరియస్‌గా తీసుకోవాల్సింది మరో వైపు నుంచి వచ్చింది. డెసీ సర్వే 2025లో గెలాక్సీల మధ్య దూరాల కొలతలు ఇచ్చింది. వాటిని ప్లాంక్‌తో కలిపితే మూడు న్యూట్రినోల మొత్తం ద్రవ్యరాశికి వచ్చే పై హద్దు 0.064 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రయోగశాలలు చెప్పే కనీస విలువ 0.06కు కాస్త తక్కువ. హద్దు కనీసాన్ని తాకుతోంది, పైగా దత్తాంశం సున్నా కంటే కిందికి పోవాలని మొగ్గు చూపుతోంది. ద్రవ్యరాశి రుణాత్మకం కాలేదు గనక ఎక్కడో ఏదో సరిపోలేదు. దీన్ని సరిచేసే దారుల్లో ఒకటి టౌను 0.09కు పెంచడం. మైక్రోవేవ్ కాంతి హెచ్చుతగ్గులను బట్టి ఆదిమ అలల ఎత్తును లెక్కించేటప్పుడు, దారిలో ఎంత చెరిగిపోయిందో టౌయే చెప్పాలి. టౌ పెరిగితే ఆదిమ అలలూ పెద్దవవుతాయి, అప్పుడు నిర్మాణాల పెరుగుదలను నెమ్మదింపజేసే న్యూట్రినోల బరువుకు చోటు దొరుకుతుంది. 0.09 అంటే మళ్లీ డబ్ల్యూమ్యాప్ అంకె. ప్లాంక్ కొలత నుంచి అయిదు రెట్ల పొరపాటు దూరంలో ఉన్న దాన్ని నమ్మడానికి గట్టి కారణం కావాలి. అయితే ఆ ప్లాంక్ కొలత చిప్పు మెట్ల సవరణల మీద ఆధారపడిందన్న సంగతీ అందరికీ తెలుసు. అందుకే రెండో సాక్షి కావాలి.

ఆ రెండో సాక్షి 2025లో చిలీ నుంచి వచ్చింది. అటకామా ఎడారిలో సెర్రో టోకో కొండ మీద, సముద్రమట్టానికి 5,000 మీటర్లకు పైన, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నడిపే క్లాస్ దుర్భిణులు ఉన్నాయి. నేల మీద నుంచి పదుల డిగ్రీల వెడల్పున ధ్రువణాన్ని కొలవడం కుదరదని చాలామంది అనుకునేవారు. గాలి, నేల వేడి, వాతావరణం అన్నీ నెమ్మదిగా మారుతూ పెద్ద కోణాలనే చెడగొడతాయి. క్లాస్ దీనికి చేసిన ఉపాయం సూటిగా ఉంది. కాంతి మొదట తగిలే భాగంలోనే ఒక తీగల జల్లెడ, దాని వెనక సెకనుకు పదిసార్లు ముందుకూ వెనక్కూ కదిలే అద్దం. అద్దం కదిలిన ప్రతిసారీ ఆకాశపు ధ్రువణం ఒక క్రమంలో అటూ ఇటూ మారుతుంది, గాలి నుంచి వచ్చే ధ్రువణం లేని వేడి మాత్రం మారదు. లయ తప్పకుండా మారేదాన్ని మాత్రమే ఏరుకోవాలి. 90 గిగాహెర్ట్జ్ పటాలను ప్లాంక్ పటాలతో జతచేసి వాళ్లు ఇచ్చిన టౌ 0.053. పొరపాటు అవకాశం 0.018, 0.019. అంకె ప్లాంక్‌ను సమర్థిస్తోంది, కానీ 0.09ను పూర్తిగా కొట్టిపారేసేంత పదును దానికి ఇంకా లేదు. ప్లాంక్ సాయం లేకుండా విడిగా నిలబడే కొలత కూడా ఇది కాదు. ఇంత మాత్రానికే నేల మీద నుంచి గుట్టను చూడగలిగారన్నది మెచ్చుకోదగ్గ విషయమే.

ధ్రువణానికి పక్కనే మరో దారి ఉంది, అందులో మనవాళ్ల పాత్ర చిన్నదేం కాదు. తటస్థ హైడ్రోజన్ వెలువరించే, పీల్చుకునే 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలకు తొలి నక్షత్రాల వెలుగు తగిలిన క్షణం నుంచే తేడా తెలుస్తుంది. మొత్తం కాకుండా తేదీలే చెప్పగల సాక్షి అది. 2018లో ఆస్ట్రేలియాలోని ఎడ్జెస్ పరికరం 78 మెగాహెర్ట్జ్ దగ్గర లోతైన గుంట చూశామంది. అంటే 18 కోట్ల ఏళ్లకే నక్షత్రాలు. బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థ సారస్ పరికరాలతో దాన్ని పరీక్షించింది. సారస్ 2ను పెట్టింది అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ భూముల్లో. ఎఫ్ఎం స్టేషన్ల రొద అందని చోటు కోసం వెతికి అక్కడికి చేరారు. అక్కడి కొలతలు నిదానంగా వేడెక్కి హఠాత్తుగా అయనీకరణం చెందే కొన్ని నమూనాలను పక్కకు తప్పించాయి. తరువాతి సారస్ 3ను కర్ణాటకలో దండిగానహళ్లి చెరువు మీద, శరావతి నది వెనకజలాల్లో తేలవేశారు, కింద నేల పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనులు తగ్గడానికి. 2022లో ప్రచురించిన ఫలితం ఎడ్జెస్ గుంటను 95 శాతం పైబడిన నమ్మకంతో తోసిపుచ్చింది. ఇక్కడా మొదటి తేదీ నిలవలేదు.

ఇక మిగిలింది జపాన్ నాయకత్వంలో 2030లలో ఎగరాల్సిన లైట్‌బర్డ్ ఉపగ్రహం. అది అనుకున్నట్టు పనిచేస్తే టౌలో పొరపాటు 0.002కు దిగుతుంది. అంతకంటే తగ్గదు. పదుల డిగ్రీల అలలు ఆకాశమంతటా కొన్నే పడతాయి, మనకున్నది ఒక్క ఆకాశమే. 0.002 వచ్చిన రోజున న్యూట్రినోల గొడవలో టౌ దోషో కాదో తేలిపోతుంది. తొలి నక్షత్రాల సంగతికి ఎత్తుతో పాటు గుట్ట ఆకారం కూడా చూడాలి. ముందుగా ఊడిన ఎలక్ట్రాన్లు గుట్టను కొంచెం చిన్న కోణాల వైపు సాగదీస్తాయి. రెడ్‌షిఫ్ట్ 15కు పైన వాటా 0.005 ఉంటే ఆ సాగుదల కంటికి ఆనుతుంది. వాటా 0.001 అయితే ఎంత మంచి పరికరం పంపినా ధ్రువణంలోంచి దాన్ని రాబట్టలేం. ఆ పని 21 సెంటీమీటర్ల వాళ్లే చేయాలి.